ప్రోగ్రామింగ్ ప్రాథమిక భావనలు: గురులఘు నిర్ణయం ఆధారంగా వివరణ

వ్యాససంగ్రహం

తెలుగు భాషాసాహిత్య పరిశోధనలో పదాల లెక్కలకు, అక్షరాల లెక్కలకు, ఛందోవిభజనకు కంప్యూటర్‌ను ఉపయోగించే అవకాశాలు విస్తరించాయి. అయితే ప్రోగ్రామింగ్ ప్రాథమిక భావనలు తెలియనప్పుడు యంత్రం ఇచ్చిన సంఖ్యను పరీక్షించే వీలు పరిశోధకులకు ఉండదు. ఈ వ్యాసం అల్గారిదమ్, దత్తాంశ రకం, చలరాశి, షరతు, ఆవృత్తి, ఫంక్షన్, జాబితా, దోషం, పరీక్ష అనే భావనలను గురులఘు నిర్ణయం అనే ఒకే ఉదాహరణతో వివరిస్తుంది. యంత్రం దేనిని లెక్కించిందో తెలియకుండా ఆ లెక్కపై నిర్ధారణ చేయడం సరికాదని, లెక్కింపు ప్రమాణాన్ని నిర్ణయించే బాధ్యత విషయజ్ఞులైన పరిశోధకులదేనని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అల్గారిదమ్, చలరాశి, షరతు, ఆవృత్తి, ఫంక్షన్, యూనికోడ్, గురులఘువులు, ప్రస్తారం.

1. ఉపోద్ఘాతం

'కవిత్వము' అనే మాటలో ఎన్ని అక్షరాలున్నాయని అడిగితే ఛందస్సు చదువుకున్న విద్యార్థి నాలుగు అని చెబుతాడు. అదే మాటను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇచ్చి దాని పొడవెంత అని అడిగితే ఎనిమిది అని జవాబు వస్తుంది. ఆ మాటను నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరిస్తే 24 బైట్ల స్థలం ఆక్రమిస్తుంది. ఈ మూడు జవాబులలో ఏదీ తప్పు కాదు. మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది ఉచ్చారణకు సంబంధించిన అక్షరాల లెక్క. రెండవది లిపి సంకేతాల లెక్క. మూడవది నిల్వస్థలపు లెక్క.

ఒక కావ్యంలోని అక్షరాల సంఖ్యను సిద్ధాంతవ్యాసంలో పేర్కొనే పరిశోధకులు ఈ మూడింటిలో దేనిని ఉద్దేశించారో చెప్పకపోతే ఆ సంఖ్యకు విలువ ఉండదు. ఆ విషయం చెప్పగలగాలంటే ప్రోగ్రాము పనిచేసే తీరు కొంతైనా తెలియాలి. ప్రోగ్రాములు రాసే వృత్తిలోకి ప్రవేశించడం ఇక్కడ లక్ష్యం కాదు. ప్రోగ్రామును చదివి ప్రశ్నించగల స్థాయి సాధించడమే ప్రధానం. తెలుగు పరిశోధకులకు చిరపరిచితమైన గురులఘు నిర్ణయం ఇందుకు అనువైన ఉదాహరణ. నియమాలు స్పష్టంగా ఉన్నాయి. ఫలితాన్ని చేతితో సరిచూసుకోవచ్చు. నియమాలకు లొంగని సందర్భాలూ ఉన్నాయి.

2. అల్గారిదమ్

ఒక సమస్యను పరిమితమైన సోపానాలలో, సందిగ్ధతకు తావులేకుండా పరిష్కరించే విధానాన్ని అల్గారిదమ్ అంటారు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న గణితజ్ఞుడు అల్-ఖ్వారిజ్మీ పేరుకు లాటిన్‌లో ఏర్పడిన రూపం నుంచి ఈ మాట పుట్టింది. మాట కొత్తదైనా భావన భారతీయ శాస్త్రసంప్రదాయానికి కొత్త కాదు. పింగళుని ఛందశ్శాస్త్రం నుంచి వస్తున్న ప్రస్తార పద్ధతి సంపూర్ణమైన అల్గారిదమ్.

మూడక్షరాల ప్రస్తారాన్ని పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. మొదటి వరుసలో మూడు గురువులు రాయాలి. తరువాతి వరుస కోసం పై వరుసలో ఎడమ నుంచి మొదటి గురువును గుర్తించి, దాని కింద లఘువు ఉంచాలి. దానికి కుడివైపున ఉన్నవాటిని యథాతథంగా దింపాలి. ఎడమవైపు ఖాళీలుంటే గురువులతో నింపాలి. అన్నీ లఘువులైన వరుస వచ్చినప్పుడు ఆపాలి. ఈ విధంగా గగగ, లగగ, గలగ, లలగ, గగల, లగల, గలల, లలల అనే ఎనిమిది వరుసలు వస్తాయి. ఇవే వరుసగా మ, య, ర, స, త, జ, భ, న గణాలు.

ఇందులో అల్గారిదమ్‌కు ఉండవలసిన లక్షణాలన్నీ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పింది. ప్రతి సోపానంలో ఏం చేయాలో ఒకే అర్థం వచ్చేలా చెప్పింది. ఎక్కడ ఆగాలో చెప్పింది. ఎవరు చేసినా, ఎన్నిసార్లు చేసినా ఫలితం ఒకటే. గణాల పేర్లు తెలియనివారు కూడా దీన్ని తప్పులేకుండా చేయగలరు. యంత్రం చేయగలిగేది సరిగ్గా ఇలాంటి పనినే. అర్థం తెలియనక్కరలేకుండా చేయగలిగినంత వివరంగా చెప్పిన పనిని అది చేస్తుంది.

3. ప్రోగ్రాము, భాష, అనువాదకం, దుబాసి

అల్గారిదమ్‌ను యంత్రానికి అందే భాషలో రాస్తే అది ప్రోగ్రాము అవుతుంది. దీనికి 'క్రమణిక' అనే మాటను కొందరు తెలుగు రచయితలు వాడారు. ఒకే అల్గారిదమ్‌ను అనేక భాషలలో ప్రోగ్రాముగా రాయవచ్చు. ఒకే కథావస్తువు పద్యంలోనూ వచనంలోనూ రావడం వంటిది ఇది.

యంత్రపు అంతర్భాగం గ్రహించేది రెండు స్థితులతో నడిచే సంకేతాలను మాత్రమే. మనిషి చదవగల ప్రోగ్రామింగ్ భాషకు, ఆ సంకేతాలకు మధ్య అనువాదం అవసరం. అనువాదం రెండు విధాలుగా సాగుతుంది. కంపైలర్ గ్రంథానువాదకుని వంటిది: ప్రోగ్రామును మొత్తం ముందే అనువదించి సిద్ధం చేస్తుంది. ఇంటర్‌ప్రెటర్ దుబాసి వంటిది: ప్రోగ్రాము నడుస్తుండగానే ఒక్కొక్క సూచనను అందుకొని అమలు చేయిస్తుంది. ఆధునిక భాషలలో ఈ రెండు పద్ధతుల కలయిక కూడా కనిపిస్తుంది.

గైడో వాన్ రోసమ్ రూపొందించగా 1991లో వెలువడిన పైథాన్ భాష ప్రారంభకులకు అనుకూలమైనదిగా పేరు పొందింది. 2008లో విడుదలైన పైథాన్ 3లో రాశులకు, ఫంక్షన్లకు తెలుగు లిపిలో పేర్లు పెట్టుకోవచ్చు. షరతును, ఆవృత్తిని సూచించే మూలపదాలు మాత్రం ఆంగ్లంలోనే ఉంటాయి. ఈ వ్యాసంలో ప్రోగ్రాము సూచనలను తెలుగు వాక్యాలుగానే ఇవ్వడం జరిగింది. భావన అర్థమైన తరువాత వాటిని ఏ భాషలోకైనా మార్చుకోవచ్చు.

4. దత్తాంశ రకాలు, చలరాశి

ప్రోగ్రాము స్వీకరించే సమాచారం దత్తాంశం. యంత్రానికి అది ఏ రకానికి చెందిందో తెలియాలి. ప్రారంభంలో మూడు రకాలు తెలిస్తే చాలు. మొదటిది సంఖ్య. రెండవది పాఠ్యం, దీనినే స్ట్రింగ్ అంటారు. మూడవది అవును, కాదు అనే రెండు విలువలు మాత్రమే గలది. పందొమ్మిదవ శతాబ్దపు గణితజ్ఞుడు జార్జ్ బూల్ పేరుమీదుగా దీన్ని బూలియన్ అంటారు. '20' అని పాఠ్యంగా ఇచ్చిన దానికీ, 20 అని సంఖ్యగా ఇచ్చిన దానికీ భేదం ఉంది. సంఖ్యలుగా రెండు ఇరవైలను కలిపితే 40 వస్తుంది. పాఠ్యాలుగా కలిపితే 2020 వస్తుంది.

దత్తాంశానికి పెట్టుకున్న పేరు వేరియబుల్. గణితశాస్త్ర తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనికి సమానమైన మాట 'చలరాశి'. అయితే గణితంలోని చలరాశికి, ప్రోగ్రాములోని చలరాశికి భేదం ఉంది. గణితంలో 'సంఖ్య = సంఖ్య + 1' అనే సమీకరణానికి సాధన లేదు; ఏ సంఖ్యా తనకన్నా ఒకటి ఎక్కువ కాదు. ప్రోగ్రాములో మాత్రం అది నిత్యం కనిపించే సూచన. ఇక్కడి '=' గుర్తు సమానత్వాన్ని చెప్పదు. 'కుడివైపు విలువను లెక్కగట్టి, ఎడమవైపు పేరుకు అప్పగించు' అని ఆజ్ఞాపిస్తుంది. సంఖ్య అనే పేరులో 4 ఉంటే, ఈ సూచన తరువాత 5 ఉంటుంది. రెండు విలువలు సమానమా అని అడగడానికి పైథాన్ సహా అనేక భాషలు '==' అనే వేరొక గుర్తును వాడతాయి. ఈ రెండింటినీ తారుమారు చేయడం ప్రారంభకులు తరచుగా చేసే పొరపాటు.

చలరాశికి పేరు పెట్టడంలో శాస్త్రకర్తల సంజ్ఞాకరణం ఆదర్శం. చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞాపరిచ్ఛేదంతోనే మొదలవుతుంది. ద్రుతప్రకృతికాలంటే ఏమిటో, కళలంటే ఏమిటో ముందు నిర్ణయించుకున్నందువల్ల తరువాతి సూత్రాలు క్లుప్తంగా సాగాయి. ప్రోగ్రాములో కూడా ముందు పేరు, నిర్వచనం. ఆ తరువాతే వినియోగం.

5. అక్షరం, లిపి సంకేతం

యంత్రం పాఠ్యాన్ని సంఖ్యల వరుసగా భద్రపరుస్తుంది. ఏ గుర్తుకు ఏ సంఖ్య అనే ఒప్పందమే యూనికోడ్. ఇందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలను కేటాయించారు. 'క' సంఖ్య 3093. పొల్లు గుర్తు సంఖ్య 3149. హల్లులో తలకట్టు అంతర్భాగం. గుడి, కొమ్ము, ఎత్వం వంటి గుణింతపు గుర్తులకు వేర్వేరు సంఖ్యలున్నాయి. ఒత్తులకు ప్రత్యేక సంఖ్యలు లేవు. హల్లు, పొల్లు, మరొక హల్లు వరుసగా వస్తే తెరపై ఒత్తుగా కనిపిస్తుంది.

ఈ దృష్టితో చూస్తే 'కవిత్వము' అనే మాట క, వ, గుడి, త, పొల్లు, వ, మ, కొమ్ము అనే ఎనిమిది సంకేతాల వరుస. ఉపోద్ఘాతంలో పేర్కొన్న ఎనిమిదికి కారణం ఇదే. తెలుగు సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు కాబట్టి మొత్తం 24 బైట్లయింది. 'స్త్రీ' ఛందస్సులో ఏకాక్షరం. యంత్రానికి ఆరు సంకేతాలు.

పరిశోధకులు గమనించవలసిన సూక్ష్మాలు మరికొన్ని ఉన్నాయి. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలలో పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మారకుండా కంటికి కనిపించని ఒక సంకేతాన్ని ఉంచుతారు. దాని సంఖ్య 8204. ఒకే మాటను ఒకరు ఈ సంకేతంతోనూ, మరొకరు లేకుండానూ టైపు చేస్తే యంత్రం వాటిని రెండు వేర్వేరు పదాలుగా లెక్కిస్తుంది. అలాగే ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వపు గుర్తు, దాని కిందికి చేరే మరొక గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరపై రెండూ ఒకే విధంగా కనిపించినా, యథాతథంగా పోల్చినప్పుడు యంత్రానికి అవి సమానం కావు. ఇలాంటి భేదాలను లెక్కకు ముందే ఏకరూపంలోకి తేవాలి. ఐత్వం వంటి సందర్భాలకు యూనికోడ్ నిర్దేశించిన ఏకరూపీకరణ పద్ధతులున్నాయి. కనిపించని సంకేతాన్ని ఉంచాలా, తొలగించాలా అనేది మాత్రం పరిశోధకులే విడిగా నిర్ణయించుకోవాలి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం పదవిభజనలో ఉంది. పాఠ్యంలో నమూనాలను వెదకడానికి పైథాన్‌తో పాటే వచ్చే సాధనంలో 'పదంలో భాగమయ్యే గుర్తు' అని అర్థమిచ్చే సంకేతం ఒకటి ఉంది. అది అచ్చులను, హల్లులను స్వీకరిస్తుంది. గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను స్వీకరించదు. దాని సహాయంతో 'తెలుగు' అనే మాటను విడదీస్తే త, ల, గ అనే మూడు ముక్కలు పదాలుగా బయటపడతాయి. ఆంగ్ల పాఠ్యానికి చక్కగా పనిచేసిన ప్రోగ్రామును మార్పు లేకుండా తెలుగు కావ్యంపై ప్రయోగిస్తే వచ్చే పదపట్టిక ఈ ముక్కలతో నిండిపోతుంది. ప్రోగ్రాము ఎలాంటి హెచ్చరికా చేయదు. ఫలితం అంకెల రూపంలో ఉన్నందువల్ల నమ్మదగినదిగానే కనిపిస్తుంది.

6. షరతు

'ఇలా అయితే ఇది చేయి, కాకపోతే అది చేయి' అని చెప్పే నిర్మాణం షరతు. షరతుకు జవాబు అవును, కాదు అనే రెండింటిలో ఒకటే కావాలి. గురులఘు నిర్ణయాన్ని షరతులుగా ఇలా రాయవచ్చు.

అక్షరంలో దీర్ఘాచ్చు ఉంటే, గురువు.
లేకపోతే, అక్షరంలో సున్న గాని విసర్గ గాని ఉంటే, గురువు.
లేకపోతే, అక్షరం పొల్లుతో ముగిస్తే, గురువు.
లేకపోతే, తరువాతి అక్షరం సంయుక్తం గాని ద్విత్వం గాని అయితే, గురువు.
ఇవేవీ కాకపోతే, లఘువు.

'కవిత్వము'లో క లఘువు. వి హ్రస్వమే అయినా తరువాతి అక్షరం సంయుక్తం కాబట్టి గురువు. త్వ, ము లఘువులు. ఫలితం లగలల.

అయితే శాస్త్రంలోని నియమాలన్నీ ఇంత సులభంగా షరతులుగా మారవు. వ్యాకరణ పరిభాషలోని నిత్యం, నిషేధం, వైకల్పికం, బహుళం అనే భేదాలు ఇక్కడ ఉపకరిస్తాయి. ఉకారసంధి నిత్యమని చెప్పినప్పుడు యంత్రానికి ఒక షరతు చాలు. నిషేధం కూడా అంతే. ఏమ్యాదులలోని ఇకారసంధి వైకల్పికం కాబట్టి రెండు రూపాలనూ ఇవ్వమని చెప్పాలి. అకారసంధి బహుళం అన్నప్పుడు మాత్రం యంత్రానికి చెప్పడానికి ఏమీ మిగలదు. ఎక్కడ జరుగుతుంది, ఎక్కడ జరగదు, ఎక్కడ వికల్పం, ఎక్కడ అన్యకార్యం అనేది ప్రయోగాలను పరిశీలించి పరిశోధకులే విడమరచి చెప్పవలసి ఉంటుంది. బహుళాన్ని ప్రోగ్రాముగా రాయబూనడమంటే బహుళగ్రహణంపై కొత్తగా పరిశోధన చేయడమే.

7. ఆవృత్తి

ఒకే పనిని అనేక పర్యాయాలు చేయించే నిర్మాణం ఆవృత్తి. వాడుకలో దీన్ని లూప్ అంటారు. ఇది రెండు విధాలు. ఒక వరుసలోని అంశాలన్నింటికీ ఒక్కొక్కసారి పని చేయించడం మొదటిది. ఒక షరతు నిజంగా ఉన్నంతవరకు చేయించడం రెండవది. పద్యంలోని ప్రతి అక్షరానికి గురులఘు నిర్ణయం చేయడం మొదటి రకానికి ఉదాహరణ. అన్నీ లఘువులయ్యేవరకు ప్రస్తారం సాగించడం రెండవ రకానికి ఉదాహరణ. ప్రస్తారంలో 'అన్నీ లఘువులైతే ఆపు' అనే సూచన మరిచిపోతే యంత్రం లేని గురువు కోసం వెదుకుతూ చిక్కుబడుతుంది. ముగింపు లేని ఇలాంటి స్థితిని అనంతావృత్తి అనవచ్చు.

లిపి సంకేతాల వరుస నుంచి అక్షరాలను రూపొందించడం ఆవృత్తి, షరతులు కలిసి పనిచేసే మంచి ఉదాహరణ. సంకేతాలను ఎడమ నుంచి ఒక్కొక్కటిగా తీసుకుంటూ ఇలా చేయాలి.

సంకేతం అచ్చు అయితే, కొత్త అక్షరాన్ని మొదలుపెట్టు.
సంకేతం హల్లు అయి, దానికి ముందరి సంకేతం పొల్లు కాకపోతే, కొత్త అక్షరాన్ని మొదలుపెట్టు.
సంకేతం హల్లు అయి, దానికి ముందరి సంకేతం పొల్లు అయితే, ప్రస్తుత అక్షరానికి చేర్చు.
గుణింతపు గుర్తు, పొల్లు, సున్న, విసర్గ అయితే, ప్రస్తుత అక్షరానికి చేర్చు.

'కవిత్వము'తో సరిచూస్తే, క వద్ద మొదటి అక్షరం, వ వద్ద రెండవది మొదలవుతాయి. గుడి రెండవదానికి చేరుతుంది. త వద్ద మూడవది మొదలవుతుంది. పొల్లు దానికి చేరుతుంది. వ ముందు పొల్లు ఉంది కాబట్టి అది కూడా అందులోనే చేరుతుంది. మ వద్ద నాలుగవది మొదలై కొమ్ముతో ముగుస్తుంది. ఎనిమిది సంకేతాలు నాలుగు అక్షరాలయ్యాయి.

8. ఫంక్షన్

ఒక పనికి సంబంధించిన సూచనలన్నింటినీ ఒకచోట చేర్చి దానికి ఒక పేరు పెడితే అది ఫంక్షన్. గణిత పరిభాషలో దీన్ని 'ప్రమేయం' అంటారు. ఫంక్షన్ కొంత దత్తాంశాన్ని స్వీకరించి ఒక ఫలితాన్ని తిరిగి ఇస్తుంది. ఇక్కడ మూడు ఫంక్షన్లు అవసరమవుతాయి. 'అక్షరవిభజన' పాఠ్యాన్ని తీసుకొని అక్షరాల వరుసను ఇస్తుంది. 'గురులఘు' ఆ వరుసను తీసుకొని గల సంకేతాల వరుసను ఇస్తుంది. 'గణవిభజన' దానిని తీసుకొని గణాల పేర్లను ఇస్తుంది. ఒకదాని ఫలితం మరొకదానికి దత్తాంశం.

ఈ విభజన వల్ల ప్రయోజనం సౌలభ్యానికే పరిమితం కాదు. గణవిభజనలో తప్పు కనిపిస్తే ఏ ఫంక్షన్ వద్ద తప్పు మొదలైందో విడివిడిగా పరీక్షించవచ్చు. అక్షరవిభజన నియమాన్ని మార్చవలసి వస్తే ఒక్కచోట మారిస్తే చాలు.

9. జాబితా, స్థానసంఖ్య, నిఘంటువు

అంశాలను వరుసక్రమంలో భద్రపరిచేది జాబితా. జాబితాలోని ఒక్కొక్క అంశానికి స్థానసంఖ్య ఉంటుంది. పైథాన్ సహా అనేక భాషలలో ఈ లెక్క ఒకటితో కాక సున్నతో మొదలవుతుంది. మొదటి అంశం స్థానం 0. రెండవదాని స్థానం 1. ఉత్పలమాలలో యతిస్థానం పదవ అక్షరం. యంత్రాన్ని 10వ స్థానంలోని అక్షరం అడిగితే అది పదకొండవ అక్షరాన్ని ఇస్తుంది. యతిమైత్రిని పరిశీలించే ప్రోగ్రాములో ఈ తేడాను గమనించకపోతే నిర్దుష్టమైన పద్యాలలోనూ యతిభంగం ఉన్నట్టు ఫలితం వస్తుంది. ఒక కవి పద్యరచనపై అన్యాయమైన తీర్పుకు ఒక్క అంకె తేడా చాలు.

ఒక మాట ఇస్తే దానికి జతగా ఉన్న మరొక విలువను ఇచ్చేది నిఘంటువు. 'గలల' అని అడిగితే భ, 'గలగ' అని అడిగితే ర, 'లలల' అని అడిగితే న అని చెప్పే ఎనిమిది జతల నిఘంటువు మూడక్షరాల గణాల విభజనకు సరిపోతుంది. అలాగే ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలను, 10 అనే యతిస్థానాన్ని. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర అనే గణాలను, 11 అనే యతిస్థానాన్ని జతచేస్తూ వృత్తాల నిఘంటువును నిర్మించవచ్చు. ప్రోగ్రాము సూచనలను మార్చకుండానే కొత్త వృత్తాలను చేర్చుకోవచ్చు.

10. దోషాలు, పరీక్ష

ప్రోగ్రాములో దోషాలు స్థూలంగా మూడు విధాలు. భాషానియమాలను ఉల్లంఘిస్తే అది వాక్యనిర్మాణ దోషం. మూయవలసిన కుండలీకరణాన్ని మూయకపోవడం వంటిది. ప్రోగ్రాము నడుస్తుండగా అసాధ్యమైన పని ఎదురైతే అది అమలుదోషం. ఇరవై అక్షరాల జాబితాలో ముప్పయ్యవదాన్ని అడగడం వంటిది. ఈ రెండింటినీ యంత్రమే సాధారణంగా ప్రకటిస్తుంది. మూడవది తర్కదోషం. ప్రోగ్రాము సాఫీగా నడుస్తుంది. ఫలితం మాత్రం తప్పు. దీన్ని పట్టుకోగలిగేది విషయజ్ఞానం ఉన్నవారే.

పైన ఇచ్చిన అక్షరవిభజనలోనే అలాంటి దోషం ఒకటి ఉంది. 'వచ్చెన్' అనే మాటను ఇస్తే అది వ, చ్చె, న్ అనే మూడు అక్షరాలుగా విడదీస్తుంది. న ముందు పొల్లు లేదు కాబట్టి అక్కడ కొత్త అక్షరం మొదలయింది. ఛందస్సు ప్రకారం పొల్లు ముందరి అక్షరంలో చేరుతుంది కాబట్టి వ, చ్చెన్ అనే రెండే అక్షరాలు, రెండూ గురువులు. 'అచ్చు లేకుండా పొల్లుతో ముగిసిన భాగాన్ని ముందరి అక్షరంలో కలుపు' అనే సూచనను చేర్చితే దోషం తొలగుతుంది. ద్రుతాంత రూపాలు విరివిగా ఉండే ప్రాచీన పద్యాలలో ఈ ఒక్క సూచన లేకపోతే పాదంలోని గణాలన్నీ చెదిరిపోతాయి.

సవరించిన తరువాత కూడా రెండు సమస్యలు మిగులుతాయి. మొదటిది రేఫసంయుక్తం. 'అద్రుచు', 'విద్రుచు' వంటి మాటలలో రేఫసంయుక్తాన్ని తేల్చి పలికినప్పుడు ముందరి అక్షరం లఘువుగానే నిలుస్తుంది. ఇలాంటి మాటల పట్టికను పరిశోధకులు ఇవ్వాలి. రెండవది పదాల హద్దు. 'అది ప్రజల కోరిక' అన్నప్పుడు ది లఘువు. 'దేశప్రగతి' అనే సమాసంలో శ గురువు. సమాసమేదో, విడి పదాలేవో యంత్రానికి సహజంగా తెలియదు. పాఠ్యంలో ఖాళీలు ఉంచిన తీరుపై అది ఆధారపడుతుంది. ముద్రిత ప్రతులలో ఆ తీరు ఏకరూపంగా ఉండదు. కాబట్టి ప్రోగ్రాము రాయడానికి ముందు పాఠ్యపరిష్కరణ నియమాలు నిర్ణయించుకోవాలి.

ఇటువంటి దోషాలను బయటపెట్టే సాధనమే పరీక్ష. చేతితో గణవిభజన చేసిన కొన్ని పద్యాలను ప్రోగ్రాముకు ఇచ్చి, రెండు ఫలితాలనూ పోల్చాలి. సులభమైన ఉదాహరణలు మాత్రమే ఎంచుకుంటే పరీక్ష నిష్ప్రయోజనం. పొల్లు, విసర్గ, రేఫసంయుక్తం, సమాసమధ్యంలోని సంయుక్తం ఉన్న పద్యాలను కావాలనే ఎంచుకోవాలి.

11. పరిశోధనలో పాటించవలసిన అంశాలు

ప్రోగ్రాము ద్వారా లభించిన సంఖ్యలను సిద్ధాంతవ్యాసంలో చేర్చేటప్పుడు కింది అంశాలను పేర్కొనడం ఉచితం.

మొదటిది, లెక్కించిన ప్రమాణం. లిపి సంకేతమా, ఛందోక్షరమా, ఖాళీల మధ్య ఉన్న పదమా, పదచ్ఛేదం తరువాతి పదమా అన్నది స్పష్టంగా చెప్పాలి.

రెండవది, పాఠ్యాన్ని సిద్ధం చేసిన తీరు. ఏ ముద్రణను ఆధారం చేసుకున్నారో, కనిపించని సంకేతాలను ఏం చేశారో, ఏకరూపీకరణ జరిగిందో లేదో తెలపాలి.

మూడవది, వికల్పాలపై తీసుకున్న నిర్ణయాలు. రేఫసంయుక్తాన్ని, పదాల హద్దును ఎలా పరిగణించారో చెప్పాలి.

నాలుగవది, ఉపయోగించిన సాధనం, దాని వెర్షన్. ఇది లాంఛనం కాదు. వాడుకరి దృష్టిలో ఒక అక్షరంగా కనిపించే సంకేతసమూహాన్ని గుర్తించే యూనికోడ్ సాధారణ నియమం ప్రకారం 'అమ్మ' అనే మాట అ, మ్, మ అని మూడుగా విడిపోయేది. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకుండా నియమాన్ని సవరించారు. ఆ నియమంతో లెక్కిస్తే అదే మాటలో రెండే అక్షరాలు. పాఠ్యం మారలేదు; ప్రోగ్రాము మారలేదు; దాని వెనుక ఉన్న ప్రమాణం మారినందువల్ల ఫలితం మారింది. వెర్షన్ పేర్కొనని పరిశోధన ఫలితాన్ని తరువాతివారు సరిచూడలేరు.

అయిదవది, పరీక్ష ఫలితం. ఎన్ని పద్యాలను చేతితో సరిచూశారో, ఎన్నింటిలో భేదం కనిపించిందో, ఆ భేదానికి కారణమేమిటో తెలపాలి.

12. ముగింపు

ప్రోగ్రామింగ్ ప్రాథమిక భావనలు తెలుగు పరిశోధకులకు పూర్తిగా అపరిచితమైనవి కావు. అల్గారిదమ్‌కు ప్రస్తారం, నామకరణానికి సంజ్ఞాపరిచ్ఛేదం, షరతుకు సూత్రం సమీప భావనలుగా సంప్రదాయంలోనే ఉన్నాయి. భేదం ఎక్కడంటే, శాస్త్రకర్త చెప్పకుండా వదిలినదాన్ని చదువరి తన సంస్కారంతో పూరించుకుంటాడు, యంత్రం పూరించుకోదు. బహుళం అని చెప్పి విడిచిన చోట, తేల్చి పలకాలని చెప్పి విడిచిన చోట అది నిర్ణయాన్ని తిరిగి పరిశోధకుల ముందే ఉంచుతుంది.

సిద్ధంగా లభించే ఉపకరణాలతో క్షణాలలో లెక్కలు తెచ్చుకునే వీలు ఏర్పడిన నేపథ్యంలో ఈ విషయం మరింత ముఖ్యమవుతోంది. 'కవిత్వము'లో నాలుగు అక్షరాలని, ఎనిమిదని, 24 బైట్లని వచ్చిన మూడు జవాబులలో తన ప్రశ్నకు సరిపోయేది ఏదో గుర్తించగలగడమే ప్రారంభకులు సాధించవలసిన తొలి ఫలితం. తెలుగు ఎం.ఏ. స్థాయిలో, పిహెచ్.డి. కోర్సువర్కులో పరిశోధన పద్ధతులతో పాటు ఈ ప్రాథమిక భావనలను ఛందోవ్యాకరణ ఉదాహరణలతో బోధిస్తే, యంత్రం ఇచ్చిన సంఖ్యను స్వీకరించే ముందు పరీక్షించే అలవాటు విద్యార్థులలో ఏర్పడుతుంది.